లేదని చెప్పడం

పోయిన నెల డోన్ స్టేషన్‌లో కర్నూలు బండి కోసం కాచుకొని ఉంటే, భుజాన చీరల మూట వేసుకున్న మనిషి ఒకడు నా ముందర నిలబడి తేరిపార చూసినాడు. జమ్మలమడుగు పక్కన ఒక నేతగాళ్ళ ఊరుంది. ఆ ఊరివాడు. ఒకప్పుడు నేను ఆ ఊరికి పోయివస్తా ఉండేవాణ్ణి.

"అయివారూ, కేశవులు నాయన పోయినాడు. మీకు తెలిసిందో లేదో" అన్నాడు.

తెలియలేదన్నాను.

"మగ్గం ముందర కూర్చోనుండంగానే పోయినాడు. పక్క మగ్గంవాడు పిలిస్తే పలకలేదంట. నేస్తాండాడేమో అనుకున్నాడంట వాడు."

అంతలో ఆయన ఎక్కాల్సిన బండి వచ్చింది. మూట సర్దుకొని పోయినాడు. 

కేశవులు నా స్నేహితుడు. అనంతపురంలో కాలేజీ చదువుకు పోయినప్పుడు ఇద్దరమూ ఒకే గదిలో ఉన్నాం. వాళ్ళమ్మను నేను పెద్దమ్మా అని, నాయనను పెద్దనాయనా అని పిలిచేవాణ్ణి. ఆయన అసలు పేరు నేను అర్జీల మీద రాసినాను. రాసిన ప్రతిసారీ ఆ పేరు పక్కన 'నిరుపేద' అనే మాట కూడా రాయవలసి వచ్చింది. అందుకేనేమో, ఇక్కడ ఆ పేరు రాయబుద్ధి కావడం లేదు.

సన్నగా, కొంచెం వంగి ఉండేవాడు. ఎవరితో మాట్లాడినా ముందు వాళ్ళ మొహం చూసేవాడు కాదు, బట్ట చూసేవాడు. దగ్గరివాడైతే చొక్కా అంచు రెండు వేళ్ళ మధ్య పట్టుకొని నలిపి చూసేవాడు. నేను మొదటిసారి వాళ్ళింటికి పోయినప్పుడు నా చొక్కా పట్టుకొని, "మిల్లు గుడ్డప్పా ఇది. ఎండకు నిలవదు" అన్నాడు. తర్వాతనే ఏ ఊరు, ఎవరబ్బాయివి అని అడిగినాడు.

గుంతలో కాళ్ళు పెట్టి తొక్కుతా నేసే గుంతమగ్గం మీద చిన్నప్పటినుంచి పనిచేసినందువల్ల ఆయన కాళ్ళకు ఊరికే ఉండడం తెలియదు. అరుగు మీద కూర్చున్నా, రైలు పెట్టెలో కూర్చున్నా, కుడికాలు ఒకసారి ఎడమకాలు ఒకసారి నేలను తొక్కుతా ఉండేవి. పక్కవాళ్ళు చూసి నవ్వితే ఆపేవాడు. కాసేపటికి మళ్ళీ మొదలయ్యేది.

చదువు రాదు. కానీ కేశవులు పుస్తకాలను ఆయన చూసే తీరు వేరు. అట్టకు వేసిన గుడ్డను తడిమి, "మంచి గుడ్డే వేసినారు. గంజి మాత్రం ఎక్కువైంది" అనేవాడు. సెలవులకు కొడుకు ఇంటికొస్తే మగ్గం చప్పుడుకు చదువు పాడవుతుందని వాడు బయటికి పోయినప్పుడే నేసేవాడు. వాడు పుస్తకం మొహం మీద కప్పుకొని నిద్రపోతా ఉన్నా, వాకిట్లో గట్టిగా మాట్లాడేవాళ్ళను చెయ్యెత్తి ఆపేవాడు.

"చదువుతాండాడు" అనేవాడు మెల్లిగా.

కేశవులు తాలూకాలో అందరికన్నా మంచి మార్కులతో హైస్కూలు చదువు ముగించినాడు. అయినా కాలేజీలో పూర్తి ఫీజు కట్టే స్తోమతు వాళ్ళకు లేదు, మాకూ లేదు. మా నాయన నేను చిన్నగా ఉన్నప్పుడే పోయినాడు. బీదపిల్లలకు సగం ఫీజు మాఫీ ఉండేది. దానికి ఊరి కరణం ఫలానావాడు పేదవాడని రాయాల, తాసిల్దారు దాని మీద ముద్ర వెయ్యాల. మిగిలిన సగానికి, తిండికి, పుస్తకాలకు దాతలు పెట్టిన నిధులుండేవి. మా పక్క కర్నూలులో పెద్దమనుషులు కొందరు కలిసి అట్లాంటి నిధి ఒకటి నడిపేవాళ్ళు. ప్రతి ఏడూ కాలేజీ తెరవక ముందు పిల్లవాడూ వాని తండ్రీ ఇద్దరూ వచ్చి వాళ్ళకు కనపడాల. వాళ్ళు అడిగినదానికి జవాబు చెప్పాల. ఒక ఏడు ఇచ్చినారంటే మరుసటి ఏడూ ఇస్తారని కాదు. మార్కులు తగ్గకూడదు, పేదరికమూ తగ్గకూడదు. మళ్ళీ వచ్చి మళ్ళీ కనపడాల.

మొదటి ఏడు ఒక వకీలుగారి ఇంటి వసారాలో మేమంతా వరసగా నిలబడి ఉన్నాం. నాతో మా మేనమామ వచ్చినాడు. ఆయన తాలూకా కచేరీలో గుమాస్తా. ఇట్లాంటి చోటికి ఏ చొక్కా వేసుకొని పోవాలో తెలిసిన మనిషి. నాకు చేతులు చాలని పాత చొక్కా తొడిగించి, "అడిగినదానికి మాత్రమే చెప్పు. తల ఎత్తి నవ్వొద్దు" అని చెప్పి తీసుకొచ్చినాడు.

కేశవులు నాయనకు ఇవేవీ తెలియవు. పెద్దమనుషుల ముందుకు పోతాండామని ఇంట్లో దాచుకున్న మంచి పంచె కట్టుకొని వచ్చినాడు. తన చేత్తో నేసుకున్నది. సన్నని ఎర్రంచు, పైన అదే జత ఉత్తరీయం. తెల్లగా, మడత చెదరకుండా, ఆ వసారాలో ఆయనే పెండ్లికి వచ్చినట్లు ఉన్నాడు.

లోపల కుర్చీల్లో ముగ్గురు కూర్చోని ఉన్నారు. వాళ్ళలో పెద్దాయన, రిటైరైన జడ్జి, పంచె వైపు చూసి, "చానా బాగుంది, యాడ కొన్నావయ్యా?" అని అడిగినాడు.

పెద్దనాయన మొహం విప్పారింది. ఆ ఊళ్ళో ఆయనకు తెలిసిన సంగతి ఒకరు అడిగినారు. "కొనలేదు సామీ, నేనే నేసినా. నూరో నంబరు నూలు. ఈ అంచు ఇంత సన్నంగా తేవాలంటే మాపక్క ఇద్దరికో ముగ్గురికో చేతనవుతాది" అని చెంగు ఎత్తి చూపించినాడు.

"మగ్గాలు సొంతమేనా?"

"సొంతమే సామీ. రెండుండాయి."

"ఇల్లు?"

"మా నాయన కట్టించినదే."

జడ్జిగారు పక్కవాళ్ళ మొహాలు చూసి, మెత్తగానే చెప్పినాడు. "చూడు నాయనా. నీకు ఇల్లుంది, పనుంది, చేతిలో విద్య ఉంది. ఏమీ లేనివాళ్ళు బయట ఎంతమంది నిలబడి ఉన్నారో చూసినావు గదా. ముందు వాళ్ళకు ఇయ్యాల."

పెద్దనాయన ఒప్పుకుంటున్నట్లే తలూపినాడు. బయటికి వచ్చినాక కాసేపటికి నన్ను అడిగినాడు. "ఏమప్పా, నేను చెప్పినదాంట్లో తప్పేమన్నా ఉండాదా?"

తప్పేమీ లేదన్నాను. ఆ రోజు నాకు సాయం దొరికింది. కేశవులుకు దొరకలేదు.

ఆ ఏడు ఒక మగ్గం అమ్మి కొడుకును చదివించినాడు. రెండో మగ్గం మీద పగలంతా తాను, వంట అయినాక పెద్దమ్మ, మార్చి మార్చి పనిచేసినారు. యుద్ధం వస్తుందన్న మాటలకే నూలు ధర పెరిగింది. నూలిచ్చే సావుకారు దగ్గర బాకీ పడినారు. ఇల్లు రాసియ్యమని సావుకారు అడుగుతా ఉన్నాడు గానీ, ఇంకా రెండు మూడేండ్లు నెట్టుకొచ్చే వీలుండేది. ఊళ్ళో అందరూ అట్లా నెట్టుకొస్తున్నవాళ్ళే.

మరుసటి జూన్‌కు ముందు ఆయన కరణం దగ్గరికి పోయినాడు. ఇల్లు లేదని, మగ్గం లేదని రాసియ్యమని అడిగినాడు. ఉన్నవాటిని లేవని రాయాలంటే కరణానికి ఏమన్నా ముట్టజెప్పాల. ఆ శక్తి ఈయనకు లేదు. అందుకని ఇల్లూ మగ్గమూ సావుకారుకు రాసిచ్చి వచ్చి, ఇప్పుడు రాయమన్నాడు. కరణం రాసినాడు. అబద్ధం రాయించుకోలేక ఆయన దాన్ని నిజం చేసినాడు. అప్పటినుంచి సావుకారు కొట్టంలో కూలికి నేసేవాడు, అదే కొట్టం వెనక వసారాలో కాపురం.

ఆ జూన్‌లో కర్నూలు వసారాలో ఆయనను చూసి నేను గుర్తుపట్టలేదు. మోకాళ్ళ దగ్గర చినిగిన పంచె, తలకు మాసిన తువ్వాల. చేతులు కట్టుకొని, మెడ వంచి, గోడకు ఆనుకొని నిలబడినాడు. జడ్జిగారే గుర్తుపట్టినాడు.

"పోయినేడు మంచి పంచె కట్టుకొచ్చినావు, నీవే గదా?"

"అమ్మేసినా సామీ."

"ఇల్లు?"

"లేదు సామీ."

"మగ్గాలు?"

"లేవు సామీ. కూలికి నేస్తాండా."

జడ్జిగారు కరణం కాగితం చదువుకొని కేశవులు వైపు తిరిగినాడు. "ఏమబ్బాయ్, మీ నాయన చెప్పేది నిజమేనా? నోటితో చెప్పాల. అది మా పద్ధతి."

కేశవులు నేల చూస్తా నిలబడినాడు. పెద్దనాయన మోచేత్తో మెల్లగా పొడిచినాడు.

"మా నాయన బీదవాడు" అన్నాడు కేశవులు.

సాయం మంజూరైంది. ఆ ఇంట్లోవాళ్ళు అందరికీ మజ్జిగ ఇచ్చినారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, ఆ మాట నేను ఎప్పుడైనా చెప్తాను. వాళ్ళ సాయంతోనే నేను ఈరోజు పంతులుద్యోగం చేసుకుంటున్నాను. ఉన్నది కొంచెం, అడిగేవాళ్ళు ఎక్కువ. ఎవరికి లేదో తేల్చుకోవడానికి వాళ్ళకు తెలిసిన దారి అదొక్కటే.

బయటికి వచ్చినాక పెద్దనాయన తువ్వాల విప్పి మొహం తుడుచుకొని, "ఈసారి బాగా చెప్పినా గదా?" అని కొడుకును అడిగినాడు. వాడు అప్పటికే గేటు వైపు నడిచినాడు. "ఏమిరా, వాళ్ళు మనల్ని కొట్టినారా, తిట్టినారా? నీ పని చదవడం, నా పని అడుక్కోవడం. ఎవురి పని వాళ్ళం చేస్తాండాం" అన్నాడు.

ఆ మాట ఆయనకు అలవాటైపోయింది. సంచీలో జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి పెట్టుకొని అనంతపురం వచ్చినప్పుడల్లా అనేవాడు. మెస్సులో తినమంటే తినేవాడు కాదు. "అది నీకిచ్చిన కూడు, నాకు కాదు" అని గది బయట కూర్చోని తన రొట్టె తినేవాడు. తింటా ఉన్నంతసేపూ కాళ్ళు నేలను తొక్కుతా ఉండేవి. కేశవులు ఆ కాళ్ళనే చూస్తా కూర్చునేవాడు. ఆ ఏడు వాడు బాగా చదివినాడు, నాతో మాత్రం మాటలు తగ్గించినాడు. ఒకసారి మాత్రం, "వాళ్ళు అడిగినప్పుడు నేను చెప్పింది నిజమే. అయినా అది చెప్పినప్పటినుంచి నాయన మొహం నేరుగా చూడలేకపోతాండా" అన్నాడు.

మూడో జూన్‌కు యుద్ధం ముదిరింది. ముగ్గురమూ కర్నూలు చేరి సత్రంలో దిగి, పొద్దున్నే తుంగభద్రకు స్నానానికి పోయినాం. ఏట్లో నీళ్ళు అడుగంటి ఉన్నాయి. స్నానం అయినాక పెద్దనాయన మూట విప్పి ఆ చినిగిన పంచె తీసి కట్టుకోబోయినాడు. దాన్ని ఆయన ఇంట్లో కట్టేవాడు కాదు, ఈ కర్నూలు ప్రయాణానికే ఉతికి దాచేవాడు.

"ఆ గుడ్డ కట్టొద్దు నాయనా" అన్నాడు కేశవులు.

"కట్టకపోతే ఇయ్యర్రా."

"ఇయ్యకపోయినా ఏం కాదు. నేను మిలిట్రీలో చేరినా. గుత్తిలో పేరు రాయించుకొని వచ్చినా. జీతమిస్తారు, నెలనెలా ఇంటికి పంపిస్తా."

పెద్దనాయన పంచె చేతిలో పట్టుకొని అట్లే నిలబడినాడు. "మరి చదువు?"

"యుద్ధం అయినాక చదువుతా."

"ఎవురన్నా ఏమన్నా అన్నారా నిన్ను?"

"లేదు నాయనా. నువ్వు ఆడ నిలబడొద్దు, అంతే."

ఆయన మూట ముడి వేసినాడు. నెమ్మదిగా ఆ చినిగిన పంచే కట్టుకొని వకీలుగారింటికి బయలుదేరినాడు. కేశవులు అడ్డం వస్తే, "రమ్మని చెప్పినారు గదా, పిలిస్తే పలకాల" అన్నాడు. లోపల పేరు పిలిచినాక ముందుకు పోయి చేతులు కట్టుకొని, "మావానికి ఈ ఏడు వద్దంట సామీ. వేరే పిల్లోనికియ్యండి" అని చెప్పి వెనక్కి వచ్చినాడు. గేటు దాటినాక సత్రం దాకా ఆయనే ముందు నడిచినాడు.

కేశవులు పోయినాడు. కొన్ని నెలలు మనియార్డర్లు వచ్చినాయి. తర్వాత సింగపూరుకు పంపిస్తున్నారని తెలిసింది. తర్వాత సింగపూరు శత్రువుల చేతికి పోయింది. మనియార్డర్లు ఆగిపోయినాయి. మనిషి కనిపించడం లేదని ప్రభుత్వం వాళ్ళు కబురు పంపినారు.

యుద్ధం ముగిసి, ఖైదులో ఉన్న సిపాయిలు తిరిగి రావడం మొదలుపెట్టినప్పుడు పెద్దనాయన ముద్దనూరు స్టేషన్‌కు నడిచి పోయేవాడు. మద్రాసు నుంచి వచ్చే బండి దిగినవాళ్ళలో ఖాకీ బట్టలవాణ్ణి చూస్తే చాలు, దగ్గరికి పోయి ఆ చొక్కా అంచు పట్టుకొని, "మా కేశవులు నీకు తెలుసునా నాయనా?" అని అడిగేవాడు. కొందరు విదిలించుకొని పోయేవాళ్ళు. కొందరు నిలబడి, తెలియదని చెప్పేవాళ్ళు. పనికి రాని రోజుల గురించి సావుకారు గొణిగేవాడు.

ఆఖరికి ప్రభుత్వం కేశవులును చనిపోయినట్టే లెక్కలోకి తీసుకుంది. తల్లిదండ్రులకు పింఛను వచ్చే వీలుంది, కానీ అర్జీ పెట్టుకోవాల. కొడుకు చనిపోయినాడని, వాడు తప్ప తమకు వేరే ఆధారం లేదని, తాము నిరుపేదలమని రాసి వేలిముద్ర వెయ్యాల. తాసిల్దారు ముద్ర వెయ్యాల. అప్పటికి నేను కర్నూలులో పంతులునైనాను. అర్జీ రాసి పెట్టుకొని, మసిడబ్బీ తీసుకొని వాళ్ళ ఊరికి పోయినాను.

కొట్టం వెనక వసారాలో కూర్చున్నాం. పెద్దమ్మ చాలా చిక్కిపోయి ఉంది. పొయ్యి మీద ఏమీ లేదు. అర్జీ చదివి వినిపించినాను. నిరుపేద అన్న మాటకు పెద్దనాయన తలూపినాడు. ఇల్లు లేదన్నదానికి, మగ్గం లేదన్నదానికి కూడా తలూపినాడు. కొడుకు సంగతి వచ్చేటప్పటికి చెయ్యెత్తి ఆపినాడు.

"అది తీసెయ్యప్పా."

"అది లేకపోతే పింఛను రాదు పెద్దనాయనా."

ఆయన అర్జీ కాగితం అంచు రెండు వేళ్ళ మధ్య నలిపి చూసినాడు. తర్వాత మెల్లిగా చెప్పినాడు.

"ఇల్లు లేదని చెప్పినా. మగ్గం లేదని చెప్పినా. కట్టుకునే గుడ్డ లేదని చెప్పినా. వాళ్ళ ముందర లేదు, లేదు అని చెప్పీ చెప్పీ నిజంగానే అన్నీ పోయినాయి. మొదట నోటితో అన్నా, తర్వాత అది పోయింది. ఇప్పుడు కొడుకు లేడని అనమంటావా?"

 పెద్దమ్మ నా వైపు జరిగి, "తినాల గదప్పా" అంది. "నేనేస్తా, ఇట్లియ్యి. తల్లిని గదా, నా వేలు పనికిరాదా?"

పనికొస్తుందన్నాను. ఆమె మసిడబ్బీలో బొటనవేలు అద్దింది. కాగితం మీదికి తెచ్చి, మొగుని వైపు చూసింది. ఆయన వద్దనలేదు. కోప్పడలేదు. ఊరికే చూస్తా ఉన్నాడు. ఆమె చెయ్యి అట్లే గాలిలో ఆగిపోయింది. కాసేపటికి ఆ వేలును చీరె చెంగుకు తుడుచుకొని లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

అర్జీ తిరిగి నా సంచీలోకి వచ్చింది. తర్వాత కూడా ఒకటి రెండు మార్లు పోయినాను, ఆ మాట ఎత్తలేదు. నా చేతనైనది పెద్దమ్మ చేతికి ఇచ్చి వచ్చేవాణ్ణి. ఆయన నా చొక్కా పట్టుకొని చూసేవాడు గానీ ఏమీ అనేవాడు కాదు. అవే చేతులు, పట్టు మాత్రం పోయింది. ఆయన నేసిన గుడ్డలో అంచు వంకర పోతాందని సావుకారు కూలి తగ్గించినాడని పక్కవాళ్ళు చెప్పినారు.

డోన్‌లో కబురు తెలిసినాక మరుసటి ఆదివారమే ఆ ఊరికి పోయినాను. పెద్దమ్మ వసారాలో ఒక్కతే కూర్చోని ఉంది. ఆయన కూర్చున్న మగ్గం మీద అప్పటికే వేరే మనిషి నేస్తా ఉన్నాడు. నన్ను చూసి ఆమె ఏడవలేదు. చాప వేసి కూర్చోమంది.

కర్మ ఎవరు చేసినారని అడిగినాను. ఆయన అన్న కొడుకు చేసినాడంట. కేశవులు ఉన్నాడా లేడా అని కులపెద్దలకు తేలలేదు. లేడని తండ్రి ఎప్పుడూ ఒప్పుకోలేదు గనక, 'ఇప్పటికి నువ్వు చెయ్యి, వాడొస్తే మళ్ళీ వాడు చేసుకుంటాడు' అని ఆ పిల్లవానికి చెప్పి చేయించినారంట.

చెప్పడం అయినాక పెద్దమ్మ నా సంచీ వైపు చూసింది.

"అర్జీ తెచ్చినావా అప్పా?"

పాతది నా దగ్గర లేదు. సంచీలో తెల్లకాగితం, కలం ఉన్నాయి. మసిడబ్బీ కొట్టం గుమాస్తాను అడిగి తెచ్చినాను.

"ఏమని రాయాల పెద్దమ్మా?"

"నేను చెప్తా, రాసుకో" అంది. "ఆయప్ప ఉన్నన్నాళ్ళూ నాకు నోరు రాలేదు. ఇంక ఆయప్ప వినడు గదా." చెంగు సర్దుకొని, తాసిల్దారు ఎదురుగా ఉన్నట్టు మెడ వంచుకొని, ఒక్కొక్క మాటే చెప్పింది. "ఇల్లు లేదు. పొలం లేదు. మొగుడు లేడు." అక్కడ ఆగి ఊపిరి తీసుకుంది. "కొడుకు లేడు."

రాసినాను. వేలిముద్ర వేసింది. కాగితం ఆరబెట్టి మడవబోతుంటే నా చెయ్యి పట్టుకొని, "రాసింది ఒకసారి చదువప్పా" అంది.

చదివినాను.

"ఇంకోసారి చదువు."

మళ్ళీ చదివినాను. అప్పుడు ఏడ్చింది.